మాట మారిన చోట

కిందటేడాది ఒక చిన్న వ్యాసం రాస్తూ ఓ పుస్తకం పేరు దగ్గర ఆగిపోయాను. మాక్స్ హోర్క్‌హైమర్, థియోడోర్ అడోర్నో కలిసి రాసిన పుస్తకం. ఇంగ్లీషులో దాని పేరు 'డయలెక్టిక్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్'. మన పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ తిరిగే మాటలే తీసుకుని 'జ్ఞానోదయ గతితర్కం' అని రాసి, ఒక స్నేహితుడికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "ఇదేంటి, బుద్ధుడి మీద పుస్తకమా?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం గానీ, తప్పు అతనిది కాదు. జ్ఞానోదయం అనగానే మనకి గుర్తొచ్చేది బోధివృక్షమే. అది ఒక మనిషికి, ఒక రాత్రి, ఒక్కసారిగా కలిగేది. లేదా వెటకారంగా "ఇప్పటికైనా జ్ఞానోదయమైందా?" అంటాం. జర్మన్‌లో ఉన్న 'ఔఫ్‌క్లేరుంగ్' అలాంటిది కాదు. అందులో తేటపడటం, తేటపరచడం ఉన్నాయి. మబ్బు విడిచి ఆకాశం తెరిపినిచ్చినా ఆ మాటే వాడతారు. అది ఒక్కసారిగా జరిగిపోయే అనుభవం కాదు, జరుగుతూ ఉండే పని. 1784లో కాంట్ ఈ మాటకి అర్థం చెబుతూ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కూడా అది మనిషి ధైర్యం చేసి, సొంత బుర్రతో చేయాల్సిన పని. ఆ పనే చివరికి ఎలా ఎదురుతిరిగి కొత్త చీకటిగా మారిందన్నది హోర్క్‌హైమర్, అడోర్నోల ప్రశ్న. నేను పెట్టిన పేరులో ఆ ప్రశ్న పుట్టే వీలే లేదు. బుద్ధుడి జ్ఞానోదయం ఎక్కడైనా ఎదురుతిరుగుతుందా?

ఆ పేరు సరిచేద్దామని మొదలుపెట్టి, ఈ జర్మన్ మాటలు ఏయే దారుల్లో ప్రయాణం చేశాయో వెతుక్కుంటూ పోయాను. తెలిసిందేమిటంటే, ఈ రచనల్లో మాటలు మారడం తెలుగుతోనో ఇంగ్లీషుతోనో మొదలవలేదు. రాసినవాళ్ళ చేతుల్లోనే, వాళ్ళ ఇంట్లోనే మొదలైంది.

పేరు దాచుకున్న సంస్థ

ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1923లో ఒక పరిశోధనా సంస్థ ఏర్పడింది. డబ్బు పెట్టినవాడు ఫెలిక్స్ వైల్. అతని తండ్రి అర్జెంటీనాలో ధాన్యం వ్యాపారం చేసి కోట్లు గడించాడు. కొడుకు ఆ డబ్బుని మార్క్సిజం అధ్యయనానికి ఖర్చు పెట్టించాడు. సంస్థకి మార్క్సిజం పేరే పెడదామన్న ఆలోచన కూడా మొదట్లో ఉండేది. చివరికి 'సామాజిక పరిశోధనా సంస్థ' అని, ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేని పేరు పెట్టారు. 1930లో హోర్క్‌హైమర్ డైరెక్టరయ్యాడు. 1933లో నాజీలు రాగానే సంస్థని మూయించారు. వాళ్ళు ముందు జెనీవాకి, 1934లో న్యూయార్క్‌కి వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయం నీడన చేరారు.

న్యూయార్క్‌లో ఉంటూ కూడా తమ పత్రికని ప్రధానంగా జర్మన్‌లోనే నడిపారు. అచ్చు వేయించింది పారిస్‌లో. సొంత దేశంలో ఆ భాషని గోబెల్స్ మనుషులు పాడుచేస్తుంటే, బయట ఒక మూలనైనా దాన్ని బతికించాలన్న పట్టుదల అది. ఆ పత్రికలోనే 1937లో హోర్క్‌హైమర్ 'సాంప్రదాయిక సిద్ధాంతం, విమర్శనాత్మక సిద్ధాంతం' అన్న వ్యాసం రాశాడు. ఈ బృందానికి నిలిచిపోయిన పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ పేరు కూడా కొంత ముసుగేనని చరిత్రకారులు చాలామంది అంటారు. అమెరికాలో కాందిశీకులుగా ఉన్నవాళ్ళు 'మార్క్సిజం' అని బోర్డు కట్టుకు తిరగలేరు కదా.

అంటే 'క్రిటికల్ థియరీ' అన్న మాటే ఒక రకం అనువాదం. పైకి పలకలేని మాటకి బదులు, పలకగలిగిన మాట.

1936: ఫాసిజం అనకుండా ఫాసిజం గురించి

అన్నిటికంటే బాధ కలిగించేది వాల్టర్ బెన్యామిన్ విషయం. సినిమా, ఫోటో వచ్చాక కళకి ఏమైందో చెప్పే అతని వ్యాసాన్ని ఇప్పుడు ప్రపంచమంతా క్లాసుల్లో చదువుతారు. కానీ అతను బతికుండగా ఆ వ్యాసం జర్మన్‌లో అచ్చుకాలేదు. 1936లో సంస్థ పత్రికలో ఒక్కసారి, పియెర్ క్లొసోవ్‌స్కీ చేసిన ఫ్రెంచి అనువాదంగా వచ్చింది. ఆ అనువాదంలో బెన్యామిన్ చెయ్యి కూడా ఉంది. అచ్చుకి వెళ్ళేముందు సంస్థ వాళ్ళు దాన్ని దిద్దారు. మార్క్స్ ప్రస్తావనతో మొదలయ్యే భాగాన్ని మొత్తంగా ఎత్తేశారు. 'ఫాసిజం' ఉన్నచోట నిరంకుశ సిద్ధాంతమనే అర్థం వచ్చే మాట పెట్టారు. 'కమ్యూనిజం' మానవాళిలోని నిర్మాణాత్మక శక్తులుగా మారింది. 'సామ్రాజ్యవాద యుద్ధం' ఆధునిక యుద్ధమైపోయింది.

బెన్యామిన్ అభ్యంతరం చెప్పాడు. న్యూయార్క్ నుంచి హోర్క్‌హైమర్ మాత్రం దిద్దుబాట్ల పక్షానే నిలబడ్డాడు. అప్పటికి బెన్యామిన్ పారిస్‌లో అద్దె గదులు మారుతూ, ఆ సంస్థ పంపే భత్యం మీదే బతుకుతున్నాడు. గట్టిగా పోట్లాడే స్థితి కాదు.

సంస్థ వాళ్ళని తిట్టడం తేలిక. కానీ వాళ్ళ ఇబ్బందీ నిజమే. పరాయి దేశంలో తలదాచుకుంటున్నారు, పత్రిక మీద రాజకీయ ముద్ర పడితే ఆ నీడ కూడా పోతుంది. వెనక మిగిలిన ఎంతోమందికి ఆ సంస్థే ఆసరా. అయినా ఒక్కటి గమనించాలి. ఆ వ్యాసమంతా ఫాసిజం రాజకీయాల్ని ఎలా ఒక అందమైన ప్రదర్శనగా మారుస్తుందో చెప్పడానికే రాసింది. అందులోంచి ఆ ఒక్క మాటా తీసేస్తే మిగిలిన వాక్యాలన్నీ వ్యాకరణం ప్రకారం బాగానే ఉంటాయి, చదవడానికి ఇబ్బంది ఉండదు. వేలు ఎవరివైపు చూపిస్తోందో మాత్రం తెలియదు.

నాలుగేళ్ళ తర్వాత, 1940 సెప్టెంబరులో, ఫ్రాన్స్ దాటి స్పెయిన్‌లోకి వచ్చిన బెన్యామిన్‌ని సరిహద్దు ఊరు పోర్ట్‌బోలో అధికారులు వెనక్కి పంపేస్తామన్నారు. ఆ రాత్రి అతను ప్రాణం తీసుకున్నాడు. అతని పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ వ్యాసాన్ని తను రాసిన భాషలో అచ్చులో చూసుకోలేదు.

1944 నుంచి 1947 దాకా

నేను పేరు తప్పు రాసిన పుస్తకానిదీ ఇలాంటి కథే. 1944లో కాలిఫోర్నియాలో హోర్క్‌హైమర్, అడోర్నో దాన్ని పూర్తిచేసి, సైక్లోస్టైల్ చేసి, దగ్గరివాళ్ళకి పంచారు. అప్పటి పేరు 'తాత్విక శకలాలు'. 1947లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని క్వెరిడో ప్రచురణ సంస్థ అచ్చువేసింది. ఈ మూడేళ్ళలో పుస్తకంలో మాటలు మారాయి. 'పెట్టుబడి' ఉన్నచోట 'ఆర్థిక వ్యవస్థ' వచ్చింది. 'వర్గ సమాజం' ఒకచోట 'ఆధిపత్యం', ఇంకోచోట 'వ్యవస్థ' అయింది. 'పాలకవర్గం' ఉత్త 'పాలకులు'గా మిగిలింది. యుద్ధం ముగిసి, ప్రచ్ఛన్న యుద్ధం మొదలవుతున్న రోజులవి.

ఇక్కడ భయం ఒక్కటే కారణం కాకపోవచ్చు. వాళ్ళ ఆలోచన కూడా మారుతోంది. వర్గం కంటే ఆధిపత్యమే లోతైన సమస్య అని వాళ్ళకి అనిపిస్తూ ఉండొచ్చు. ఏది జాగ్రత్త, ఏది మనసు మారడం అన్నది ఇప్పటికీ తెగని చర్చ. కానీ ఇంగ్లీషులో చదివేవాళ్ళకి చాలాకాలం ఈ చర్చే అందలేదు. 1972లో జాన్ కమింగ్ చేసిన మొదటి ఇంగ్లీషు అనువాదంలో ఆ మార్పుల జాడ లేదు. 2002లో ఎడ్మండ్ జెఫ్‌కాట్ చేసిన రెండో అనువాదంలోనే ఏ మాట తీసి ఏ మాట పెట్టారో వెనక సూచికల్లో చూపించారు. అప్పుడుగానీ పాఠకుడికి పుస్తకం మీది గాట్లు కనిపించలేదు.

ఒక 'కాదు' జారిపోతే

రాసినవాళ్ళే మార్చినవి ఇవి. అనువాదకుల చేతుల్లో పోయినవి ఇంకోరకం.

బెన్యామిన్ స్వయంగా అనువాదకుడు. 1923లో బోదలేర్ కవితల్ని జర్మన్‌లోకి తెస్తూ ముందుమాటగా 'అనువాదకుడి కర్తవ్యం' అన్న వ్యాసం రాశాడు. 1968లో హానా ఆరెంట్ సంపాదకత్వంలో వచ్చిన సంకలనంతో అది ఇంగ్లీషు పాఠకులకి చేరింది. అనువదించింది హ్యారీ జోన్. అతనూ వియన్నా నుంచి నాజీల బారి తప్పించుకు వచ్చినవాడే. వ్యాసం మొదట్లోనే బెన్యామిన్ ఒక మాటంటాడు. కొన్ని భావనల్ని ముందునుంచీ మనిషికి మాత్రమే కట్టిపడేయకుండా ఉంటేనే వాటి అర్థం సరిగ్గా నిలుస్తుందని దాని సారాంశం. జోన్ అనువాదంలో ఆ 'కాదు' జారిపోయింది. మనిషికి మాత్రమే ముడిపెడితేనే అర్థం నిలుస్తుందని, సరిగ్గా తలకిందులైంది. తర్వాతి ముద్రణల్లో సరిదిద్దారు. ఈలోగా ఎంతమంది ఆ తలకిందుల వాక్యం కింద గీతలు గీసుకున్నారో!

ఫ్రెంచిలోనూ అంతే. అదే వ్యాసం చివర్లో 'అనువదించగలిగినది' అనాల్సిన చోట మోరిస్ ద గాందియాక్ 'అనువదించలేనిది' అని రాశాడు. 1983లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉపన్యసిస్తూ పాల్ ద మాన్ దీని మీద తను విన్న ముచ్చట ఒకటి చెప్పాడు. పారిస్‌లో డెరిడా ఆ ఫ్రెంచి పాఠంతో సెమినార్ నడుపుతూ, ఆ 'అనువదించలేనిది' మీదే తన వాదాన్ని కొంత కట్టుకుంటూ పోయాడట. చివరికి క్లాసులో ఎవరో లేచి, జర్మన్‌లో ఉన్నది దానికి వ్యతిరేకం అని చెప్పేదాకా.

అడోర్నో 'నెగటివ్ డయలెక్టిక్స్' ఇంగ్లీషులో 1973లో వచ్చింది. ఇ. బి. ఆష్టన్ అనువాదం. దాని మీద పండితులు చాలా కోప్పడ్డారు. ఫ్రెడరిక్ జేమ్సన్ ఎత్తిచూపిన తప్పుల్లో ఒకటి మనకి తేలిగ్గా అర్థమవుతుంది. డబ్బుతో నడిచే 'మారకం' గురించి అడోర్నో మాట్లాడితే, ఇంగ్లీషులో 'వస్తుమార్పిడి' అనే అర్థం వచ్చే 'బార్టర్' అని పడింది. గింజలిచ్చి కుండ తీసుకోవడం వస్తుమార్పిడి. గింజల్నీ కుండనీ మనిషి రోజునీ కూడా ఒకే కొలతకి తెచ్చి ధర కట్టడం మారకం. అడోర్నో పోరాటమంతా రెండోదాని మీద. దేనికదే వేరుగా ఉన్నవాటిని ఒకటేనని లెక్కగట్టే ఆ అలవాటు మన ఆలోచనలోకి కూడా దిగిపోయిందని అతని ఆరోపణ. మొదటి మాట పెడితే ఆ ఆరోపణ ఏదో సంతకథలా వినిపిస్తుంది.

మన మాటల దగ్గరికి వస్తే

1949లో అడోర్నో జర్మనీకి తిరిగి వెళ్ళాడు. తనవాళ్ళని తరిమిన, చంపిన దేశానికి ఎందుకు వెళ్ళారంటే, 1965లో రేడియోలో చెప్పిన కారణాల్లో ఒకటి భాష. తన ఆలోచన ఆ భాషలోనే కదులుతుందని అతని నమ్మకం. అలాగని జర్మన్‌లో మాట్లాడితే చాలు లోతు వచ్చేస్తుందన్న గర్వాన్ని ఒప్పుకోలేదు. దాన్ని ఎగతాళి చేస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

జర్మన్ తత్వశాస్త్రానికి ఒక సౌకర్యం ఉంది. దాని పెద్ద మాటలు చాలా వరకు ఇంటి మాటలే. 'బెగ్రిఫ్' అంటే భావన. అందులో చేత్తో పట్టుకోవడం ఉంది. మనం 'భావన' అని రాస్తే చెయ్యి కనిపించదు, మెత్తగా ఉంటుంది. 'అవగాహన' అంటే మరీ దూరం, అందులో ఉన్నది నీళ్ళలో మునగడం. కానీ 'పట్టు' అనే మాట మన దగ్గరే ఉంది. "ఆ విషయం మీద పట్టుంది" అంటాం, "పిడికిట్లో పట్టాడు" అనీ అంటాం. వస్తువుని భావన గట్టిగా పట్టేసి, దాని ఊపిరాడనివ్వదని అడోర్నో అన్నప్పుడు, 'పట్టు' అని రాస్తే ఆ బిగింపు వినిపిస్తుంది.

హెగెల్ నుంచి వచ్చిన 'ఔఫ్‌హేబెన్' అనువాదకులందరికీ తలనొప్పి. రద్దుచేయడం, దాచిపెట్టడం, పైకెత్తడం మూడూ ఒకే మాటలో. ఇంగ్లీషువాళ్ళు లాటిన్ నుంచి 'సబ్లేషన్' అని తెచ్చుకున్నారు. మామూలు మనిషి ఎవరూ ఆ మాట వాడరు. కానీ జర్మన్ ఇంట్లో అది రోజువారీ మాట. మరి మన ఇంట్లో? కర్ఫ్యూ ఎత్తేశారు. మిగిలిన కూర ఎత్తిపెట్టు. పిల్లాణ్ణి ఎత్తుకో. మూడు అర్థాలూ ఒకే క్రియ మీద నిలబడ్డాయి. నిఘంటువులో 'ఎత్తు'ని హెగెల్ పక్కన పెట్టమని అనను. కనీసం ఆ భావాన్ని క్లాసులో చెప్పేటప్పుడు ఇంతకంటే దగ్గర దారి లేదు.

అన్నీ ఇలా కలిసిరావు. కొన్ని మాటలకి మన చరిత్ర అడ్డొస్తుంది. డయలెక్టిక్‌కి 'గతితర్కం' అన్నది కమ్యూనిస్టు సాహిత్యంతో స్థిరపడిన మాట. ప్రకృతి, సమాజం నిరంతరం కదులుతుంటాయనీ ఆ కదలికకి నియమాలున్నాయనీ ఎంగెల్స్ చెప్పిన అర్థానికి అది బాగా సరిపోతుంది. గ్రీకులో ఆ మాటకి మూలం సంభాషణ. అడోర్నోకి అది నియమాల పట్టిక అసలే కాదు. ఆ నియమాల్లో ఇమడనిదాని పక్షాన నిలబడటం అతని డయలెక్టిక్. 'గతి' అని మొదలుపెట్టగానే ఆ పక్షం చేజారుతుంది. అదే సాహిత్యంతో వచ్చిన 'పరాయీకరణ' మాత్రం ఇంగ్లీషు మాట కంటే దగ్గరగా కుదిరింది. జర్మన్ మాటలోనూ ఉన్నది 'పరాయి'యే.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది 'కల్చర్ ఇండస్ట్రీ'. పుస్తకం చిత్తుప్రతుల్లో వాళ్ళు ముందు 'సామూహిక సంస్కృతి' అని రాసుకున్నారు. జనంలోంచి దానంతటదే పుట్టిందన్న అపోహ వస్తుందని ఆ మాట కొట్టేసి 'సంస్కృతి పరిశ్రమ' అని పెట్టినట్టు అడోర్నో తర్వాత చెప్పాడు. సంస్కృతి, పరిశ్రమ అన్న రెండు మాటలు పక్కపక్కన నిలబడితే 1940లలో జర్మన్ చదివేవాడు ఉలిక్కిపడాలి. పాటని ఫ్యాక్టరీ సరుకు అనడం ఒక నిందారోపణ. అది హైదరాబాద్‌లో ఎలా వినబడుతుంది? మనకి 'ఇండస్ట్రీ' అంటే సినిమాయే. 'ఇండస్ట్రీ హిట్' అనేది బిరుదు. "వాడు ఇండస్ట్రీలో ఉన్నాడు" అని గర్వంగా చెప్పుకుంటాం. అడోర్నో వేసిన నింద మన దగ్గర విజిటింగ్ కార్డు మీదికెక్కింది. మాటకి మాట సరిగ్గా కుదిరింది, అనువాదంలో తప్పేమీ లేదు. ఉలికిపాటు మాత్రం పోయింది. అది తిరిగి రావాలంటే మాట మారిస్తే చాలదు, మనం దేనికి అలవాటుపడిపోయామో పక్కన ఒక వాక్యంలో చెప్పాలి.

పేరు సంగతి

ఇన్ని మార్పుల్నీ ఒకే గాటన కట్టలేం. 1936లో మాటలు మారింది భయం వల్ల. 1947లో కొంత జాగ్రత్త, కొంత కొత్త ఆలోచన. 1968లోనూ 1973లోనూ పొరపాట్లు. మనం చేసేది ఇంకొకటి. అర్థంకాని చోట ఒక పెద్ద సంస్కృత సమాసం అల్లి పెట్టేస్తాం. అది గంభీరంగా ఉంటుంది, ఎవరూ ప్రశ్నించరు. రాసినవాడికీ చదివినవాడికీ ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. కానీ ఆ సమాసం వెనక వేలు ఎవరివైపు చూపిస్తోందో తెలియదు. బెన్యామిన్ వ్యాసానికి జరిగిందీ అదే కదా. వాళ్ళకైతే తల మీద కత్తి ఉంది. మనకి ఆ సాకు కూడా లేదు.

సంస్కృత మాటలు మానేయాలని కాదు. అడోర్నో పరాయి మాటల్ని గట్టిగా వెనకేసుకొచ్చినవాడు. భాషని శుద్ధి చేస్తామనేవాళ్ళు తర్వాత మనుషుల్ని శుద్ధి చేస్తామంటారని అతనికి అనుభవంలో తెలుసు. ఇంటి మాటైనా, తెచ్చుకున్న మాటైనా ఒక్క పరీక్ష చాలు. దీనితో ఎవరినైనా ప్రశ్నించగలమా లేదా?

ఆ పరీక్ష పెట్టుకుని పుస్తకం పేరు దగ్గరికి మళ్ళీ వచ్చాను. కందుకూరి వీరేశలింగం 1874లో పెట్టిన పత్రిక పేరు గుర్తొచ్చింది, 'వివేకవర్ధని'. వివేకం అంటే వేరుచేసి చూడటం. మంచిని చెడు నుంచి, నిజాన్ని మూఢనమ్మకం నుంచి. మన దగ్గర ఔఫ్‌క్లేరుంగ్‌కి దగ్గరగా ఏదైనా జరిగి ఉంటే, అది ఆ మాట పేరుమీదే జరిగింది. పైగా హోర్క్‌హైమర్, అడోర్నో చెప్పే కథ కూడా వేరుచేయడం గురించే. బుద్ధి తనని తాను ప్రకృతి నుంచి వేరుచేసుకుని, దాని మీద పెత్తనం చేసి, చివరికి మనుషుల మీద కూడా అదే పెత్తనం చేస్తుందని. వివేకం ఎదురుతిరగడం మనం ఊహించగలం. మనకి కనిపిస్తూనే ఉంది.

'వివేకం ఎదురుతిరిగిన కథ' అని మార్చి స్నేహితుడికి మళ్ళీ పంపాను. ఈసారి బుద్ధుడి ఊసెత్తలేదు. "వివేకం ఎదురుతిరగడమేంటి? ఎవరి మీద?" అని అడిగాడు.

పుస్తకం అడిగే ప్రశ్న కూడా అదే. ఇప్పటికి ఆ పేరే ఉంచాను.